ఊరికే ఏడిపించామంతే

పోయిన సంవత్సరం ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా వాడి స్కూలు నుంచి ఫోను వచ్చింది. "ఒకసారి వచ్చి వెళ్ళండి మేడం" అన్నారు క్లాస్ టీచరు. ఎందుకో చెప్పలేదు. చీర మార్చుకుంటున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన, వీణ్ణి ఎవరో కొట్టారు. ఏడో తరగతి పిల్లవాడి తల్లికి ఇంకో రకం ఆలోచన రాదనుకుంటా. మన లెక్కలో మన పిల్లలు ఎప్పుడూ దెబ్బలు తినేవాళ్ళే, కొట్టేవాళ్ళు ఇంకెవరో ఉంటారు.

స్టాఫ్ రూములో గోడ పక్కన ఒకావిడ నిలబడి ఉంది. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ముఖం తెలిసినట్టే ఉంది, ఎక్కడ చూశానో గుర్తు రాలేదు. ఆవిడే "బాగుండారా అమ్మా" అనింది. అప్పుడు తెలిసింది. వారానికి రెండుసార్లు మా వీధికి చేపలు తెచ్చే మనిషి. ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గర కొంటున్నాను. నెత్తిన గంప లేకపోయేసరికి గుర్తుపట్టలేకపోయాను.

వాళ్ళబ్బాయి మా వాడి క్లాసే. ఎనిమిది రోజులుగా బడికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో టీచరు చెప్పింది, ఆవిడ చెప్పింది, సాయంత్రం మా వాడు చెప్పాడు. ముగ్గురివీ కలిపితే ఇదీ సంగతి.

జూన్‌లో బడి తెరిచిన కొత్తల్లో ఒకరోజు ఆ అబ్బాయి అన్నం డబ్బా మూత తీశాడు. అందులో ఎండుచేపల వేపుడు ఉంది. మా వాడు ముక్కు మూసుకున్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఇంతే మొదలు. మర్నాడు ఇంకో ఇద్దరు మూసుకున్నారు. ఆ తర్వాత డబ్బాలో పప్పున్నా పెరుగన్నమున్నా ముక్కులు మూసుకోవడం మాత్రం ఆగలేదు. జులై వచ్చేసరికి ఆ అబ్బాయి క్లాసులో అడుగు పెట్టగానే మూడు వరుసల పిలకాయలు ఒకేసారి ముక్కు పట్టుకునేవాళ్ళు. వాడి బెంచీలో కూర్చునేవాడు వేరే చోటుకి పోయాడు. వాడు ఇచ్చిన నోటుబుక్కు ఎవరూ ముట్టుకోలేదు. ఎవరో వాడి సంచిలో అగరుబత్తీలు పెట్టారు. అది ఎవరు చేశారో మా వాడు నాకు ఇప్పటికీ చెప్పలేదు. వాడికో పేరు కూడా పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. మా వాడు పెట్టిందే అది.

వాళ్ళమ్మ టీచరు వైపు చూస్తూ చెప్పింది, నా వైపు చూడకుండా. "రోజూ రెండు తూర్లు సబ్బేసి రుద్దుకుంటా ఉండాడమ్మా. మెడ మీద చర్మం లేచిపోయింది. ఎందుకురా అంటే చెప్పడు. ఇంట్లో చేపల కూర వొండొద్దంటాడు. నన్ను బడి కాడికి రావద్దంటాడు."

చివరి మాట విన్నాక నేను కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు.

ఇంటికొచ్చాక వాణ్ణి కొట్టాను. ఒప్పుకుంటున్నాను. పెద్దవాళ్ళం, చేతిలో బలముంది కదా అని మనకంటే చిన్నవాళ్ళ మీద వాడుకోవడం తప్పురా అని చెప్పడానికి నాకు దొరికిన పద్ధతి అది! రెండు దెబ్బలు పడ్డాక వాడు ఏడుస్తూ అన్నాడు: "ఊరికే ఏడిపించామంతేమా. అందరూ చేశారు."

కాసేపాగి, నన్ను తప్పు పట్టే గొంతుతో కాదు, మామూలుగా ఒక సంగతి గుర్తు చేస్తున్నట్టు, "బస్సులో నువ్వు కూడా అంటావు కదా" అన్నాడు.

అంటాను. నెల్లూరు పోయేటప్పుడు గంపలతో ఆడవాళ్ళు ఎక్కితే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాను. "ఆ గంపలు వెనక్కి పెట్టించు నాయనా" అని కండక్టరుకి చెప్తాను. అది తిట్టు కాదు, ఎవరినీ పేరు పెట్టి అనలేదు, చాలా మర్యాదగానే చెప్పాను అనుకున్నాను ఇన్నేళ్ళూ. వాడు ఐదేళ్ళప్పటి నుంచి నా పక్కన కిటికీ సీటులో కూర్చుని చూస్తున్నాడు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. అల్లూరు సముద్రానికి దగ్గర. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని ఇసకపల్లి ఒడ్డుకి పోతాం. ఒక పక్క వరి కయ్యలు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. మా వారు కూడా మరొకరితో కలిసి గుంటలు లీజుకి చేస్తారు. ఆయన చొక్కాలు నానబెడితే బకెట్టు నుంచి రొయ్యల మేత వాసన వస్తుంది. ఆ వాసన చేపల గంప వాసన కంటే తక్కువేం కాదు, ఇంకాస్త ఎక్కువే. కానీ మా ఇంట్లో, మా చుట్టాల ఇళ్ళల్లో దాన్ని ఎవరూ కంపు అనరు. పంట బాగా వచ్చిన ఏడు మా మామగారు "డబ్బు వాసనమ్మా అది" అని నవ్వారు కూడా. నెల్లూరు చేపల పులుసంటే హైదరాబాదులో బోర్డులు పెట్టి అమ్ముకుంటున్నారు, మనమూ గొప్పగా చెప్పుకుంటాం. పులుసు మనది, వాసన మాత్రం పట్టి తెచ్చినవాళ్ళది. మా వాడు నేర్చుకున్న పాఠం ఇదే. ముక్కుతో నేర్చుకున్నది కాదు.

అందుకే "పిల్లలు ఇలా ఎందుకు తయారవుతున్నారు" అనే ప్రశ్నకి సినిమాలు, ఫోన్లు అని చటుక్కున జవాబు చెప్పేవాళ్ళ మాట నాకు ఎక్కడం లేదు. అవీ ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో ఒకడి ఫోటో పెట్టి నవ్వుకోవడం మా చిన్నప్పుడు లేదు. బడి గంట కొట్టాక అయినా ఆగేది అప్పట్లో, ఇప్పుడు రాత్రి పదింటిదాకా సాగుతుంది. కానీ ఎవణ్ణి ఎన్నుకోవాలో పిల్లలకి ఫోను నేర్పదు. ఒక క్లాసులో నలభై మంది ఉంటే అందులో ఎవడి మీద నవ్వితే ఎవరూ అడగరో పిల్లలకి వారం రోజుల్లో తెలిసిపోతుంది. నల్లగా ఉన్నవాడు, లావుగా ఉన్నది, నత్తి ఉన్నవాడు, ఫీజు కట్టలేదని టీచరు నిలబెట్టినవాడు, వాళ్ళ నాన్న చేసే పని పేరు చెప్పగానే కులం తెలిసిపోయేవాడు. ఈ పట్టిక పిల్లలు తయారు చేసింది కాదు. మనం భోజనాల దగ్గర, పెళ్ళి సంబంధాల దగ్గర, పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే దగ్గర తయారు చేసిందే. వాళ్ళు దాన్ని దాచకుండా చదువుతారు, అంతే తేడా.

టీచర్ల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. "ఏరా మొద్దూ", "ఏమే లావుపాటి" అని క్లాసులో పిలిచే టీచరు ఉన్న చోట పిలకాయలు పెట్టే పేర్లు ఎవరు ఆపుతారు? మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీసి, ఆఖరి సెక్షన్ పిల్లల్ని మిగతావాళ్ళు ఏమని పిలుస్తున్నారో వినపడనట్టు నటించే బడులు మన జిల్లాలో ఎన్ని లేవు? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. పిల్లల్ని కొట్టకూడదనే కాదు, మానసికంగా హింసించకూడదని కూడా అందులో 17వ సెక్షన్ చెప్తుంది. ఆ రెండో ముక్క ఎంతమంది చదివారో తెలియదు.

మా వాడన్న మాట దగ్గరికి వస్తాను. "ఏడిపించడం." చిత్రమైన మాట ఇది మన భాషలో. మరదళ్ళు పెళ్ళికొడుకుని ఏడిపిస్తారు. మేనమామ వచ్చి "నిన్ను తవుడిచ్చి కొన్నాంరా" అని పసివాణ్ణి ఏడిపిస్తాడు, వాడు బుంగమూతి పెట్టగానే ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటాడు. ఇది ఒక ఏడిపించడం. కాలేజీకి పోయే ఆడపిల్లని బస్టాండులో నలుగురు చేరి ఏడిపిస్తారు. అదీ ఏడిపించడమే. రెండింటికీ ఒకటే మాట పెట్టుకున్నాం. కానీ మనకి, ఆడవాళ్ళకి, ఆ రెండింటికీ తేడా ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. బస్టాండులో మన వెంటపడినవాళ్ళు కూడా "సరదాకి అన్నామండీ" అనే అన్నారు. అప్పుడు మనం ఇంటికొచ్చి చెప్తే, చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళం చెప్తే, ఏం సమాధానం వచ్చిందో గుర్తుందా? "నువ్వు తల దించుకుని పో. పట్టించుకోమాక." కొందరికైతే "నువ్వేం చేశావు?" అన్న ప్రశ్న. కొందరికి ఏకంగా చదువు మానిపించారు. ఇన్నేళ్ళ తర్వాత మన పిల్లవాడో పాపో వచ్చి ఫలానావాడు ఏడిపిస్తున్నాడు అంటే మన నోటి నుంచి మళ్ళీ అవే మాటలు వస్తున్నాయి. పట్టించుకోకు. నువ్వేమన్నావు ముందు?

ఆ అబ్బాయి వాళ్ళమ్మకి ఎందుకు చెప్పలేదో నాకు అర్థమైంది. చెప్తే ఆమె పనినే వేలెత్తి చూపించాలి. "నీ వల్లే నన్ను ఇలా అంటున్నారు" అని పన్నెండేళ్ళ పిల్లవాడు తల్లితో ఎలా అంటాడు? సబ్బు తీసుకుని రుద్దుకున్నాడు.

మా వారు రాత్రి విని, "మగపిలకాయలన్నాక ఇదంతా మామూలే. నన్ను హాస్టల్లో ఎంత ఏడిపించారో తెలుసా, ఏమైంది ఇప్పుడు, గట్టిపడ్డాను" అన్నారు. మా అత్తగారు ఇంకో మెట్టు ఎక్కి "ఆ చేపలోళ్ళ పిల్లోడి కోసం నా మనవణ్ణి కొడతావా" అన్నారు. ఆమె మాటకి నేను జవాబు చెప్పలేదు. ఆ వాక్యంలోనే మా వాడు నేర్చుకున్నదంతా ఉందని మాత్రం అనిపించింది. మా వారి మాట గురించి చాలా ఆలోచించాను. గట్టిపడటం అంటే ఏమిటి? ఆయన తన హాస్టలు రోజుల గురించి నాకు చెప్పింది ఈ పదిహేనేళ్ళలో అదే మొదటిసారి. ఇంకా అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఈ "మామూలే" అనడం మనకి ఇప్పుడొచ్చింది కాదు. భారతంలో ఆదిపర్వం గుర్తు చేసుకోండి. చిన్నప్పుడు భీముడు కౌరవుల్ని ఏం చేసేవాడు? పండ్ల కోసం చెట్టెక్కితే చెట్టుని పట్టి ఊపేవాడు, వాళ్ళు పండ్లతో పాటు కింద పడేవాళ్ళు. ఈతకి పోతే పదేసి మందిని పట్టుకుని నీళ్ళలో ముంచేవాడు, ఊపిరాడక కొట్టుకుంటుంటే వదిలేవాడు. ఈ కథ మా అవ్వ చెప్పేటప్పుడు మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. భీముడు మనవాడు కదా. ద్రోహబుద్ధితో కాదు, చిన్నతనంతో చేశాడని కథే చెప్తుంది. సరే, నిజమే కావచ్చు. కానీ దాని తర్వాత ఏం జరిగింది? దుర్యోధనుడు అన్నంలో విషం కలిపించి భీముణ్ణి గంగలో తోయించాడు. అది మహాపాపం, సందేహం లేదు. దుర్యోధనుడి అసూయకి వేరే కారణాలూ ఉన్నాయి. అయినా నీళ్ళలో మునిగి ఊపిరాడక లేచిన ప్రతిసారీ ఆ పిల్లవాడు ఒడ్డున ఉన్న పెద్దల వైపు చూసే ఉంటాడు కదా, ఒక్కరైనా ఆపుతారేమోనని. అంతమంది పెద్దలున్న ఇంట్లో ఒక్కరు వచ్చి "చాల్లే ఇక" అన్నట్టు నేను విన్న కథలో లేదు.

ఏది ఆట, ఏది హింస అన్న తేడాని సులువుగా చెప్పినవాడు ఒకాయన ఉన్నాడు. డాన్ ఓల్వియస్ అని, స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1970ల నుంచి బడుల్లో ఇదే చదివాడు. కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, ఎదుటివాడు తిరగబడలేని స్థితిలో ఉండటం, ఈ మూడూ ఉంటే అది ఆట కాదన్నాడు. మేనమామ తవుడు కథ ఈ మూడింటికీ అందదు చూడండి. మా వాడి ముక్కు మూసుకోవడం మూడింటికీ అందుతుంది. నార్వేలో ఈ వేధింపుల వల్లేనని అనుమానించిన ముగ్గురు పిల్లల చావుల తర్వాత 1983లో దేశమంతా బడుల్లో దీని మీద కార్యక్రమం పెట్టారు. ఓల్వియస్ చెప్పిన ఇంకో లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి మధ్య తోటివాళ్ళని వేధించే అలవాటున్న మగపిల్లల్ని తర్వాత గమనిస్తే, 24 ఏళ్ళు వచ్చేసరికి వందకి 60 మందికి కనీసం ఒక నేరంలో శిక్ష పడి ఉంది. ఆ లెక్కలు మనకి అక్షరాలా సరిపోతాయని అనను. కానీ మా వాడు ఏడో తరగతి. వేధింపు వల్ల చెడిపోయేది అవతలి పిల్లవాడొక్కడే అనుకునే తల్లులం ఆ లెక్క ఒకసారి చూడాలి.

మనకి మాత్రం ఈ విషయం వార్తగా కనపడేది పిల్లలు కాలేజీకి పోయాక. అప్పుడు దానికి వేరే పేరు వస్తుంది, ర్యాగింగ్. దానికి చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చారు. ఆట పట్టించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు, ర్యాగింగ్ వల్ల ఎవరైనా ప్రాణం తీసుకుంటే ఇంకా పెద్ద శిక్ష. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే మెడికల్ విద్యార్థి సీనియర్ల దెబ్బలకి చనిపోయాడు. ఆ తండ్రి ఊరుకోలేదు. ఆ ఏడే యూజీసీ నిబంధనలు వచ్చాయి, 1800-180-5522 అని దేశమంతటికీ ఒక హెల్ప్‌లైన్ వచ్చింది. కాలేజీలో చేర్పించేటప్పుడు విద్యార్థితో పాటు తల్లిదండ్రులు కూడా ర్యాగింగ్ చేయమని అఫిడవిట్ ఇవ్వాలి. మనలో చాలామంది ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టి ఉంటాం, ఫీజు రసీదు తొందరలో.

ఇంత ఉండి కూడా 2015 జులై 14న నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో రిషితేశ్వరి చనిపోయింది. వరంగల్లు పిల్ల. ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం. ఆ పేరు మనలో ఎవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు మా వాడు చంకలో పిల్లవాడు. టీవీ ముందు వాడికి అన్నం పెడుతూ, ఆ పిల్ల రాసి పెట్టిన కాగితాల గురించి వింటూ, "ఇలాంటి రాక్షసుల్ని ఎవరు కంటారో" అన్నాను. బాగా గుర్తుంది ఆ మాట. విశ్రాంత ఐఏఎస్ అధికారి బాలసుబ్రహ్మణ్యం అధ్యక్షతన కమిటీ వేశారు, నివేదిక ఇచ్చారు, ప్రిన్సిపాల్‌ని తప్పించారు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2024 నవంబరులో, సాక్ష్యాలు చాలవని గుంటూరు కోర్టు కేసు కొట్టేసింది. కోర్టు తీర్పు మీద నేను మాట్లాడబోవడం లేదు, నిందితులు ఏం చేశారో చేయలేదో తేల్చేది నేను కాదు. నాకు కనపడేదల్లా ఒకటే. ఇలాంటివాటికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? క్లాసులో ముక్కు మూసుకుంటే రక్తం రాదు. నవ్వుకి ఎక్స్‌రే లేదు. చూసినవాళ్ళు ఉంటారు, నలభై మంది ఉంటారు, చూసినవాళ్ళకి అది చూడాల్సిన విషయంగా తోచదు. చట్టం పద్దెనిమిదో ఏట మొదలవుతుంది మన ఆలోచనలో. అప్పటికి ఆ నలభై మందికి చూస్తూ ఊరుకోవడం పదేళ్ళ అలవాటు.

అందుకే మా వాణ్ణి నేను ఎక్కువగా ప్రశ్నలు వేసింది ఆ మిగతావాళ్ళ గురించి. "నువ్వు మొదలుపెట్టావు సరే, వద్దన్నవాళ్ళు ఎవరూ లేరా?" అంటే, ఒక పాప ఉందట. ఒక్కసారి "పాపంరా" అనిందట. మర్నాటి నుంచి ఆ పాపకీ అదే పేరు తగిలించారు. ఆ తర్వాత ఆ పాప కూడా ముక్కు మూసుకుంది. "నువ్వెందుకు ఆపలేదు, నీకెప్పుడూ చాలనిపించలేదా?" అంటే చాలాసేపు నేల చూసి, "ఆపితే నన్ను అంటారు" అన్నాడు. మొదలుపెట్టినవాడికే ఆ భయం!

మర్నాడు టీచరు ఒక మాట చెప్పింది. ప్రార్థన దగ్గర బడి అంతటి ముందూ మా వాడి చేత క్షమాపణ చెప్పిస్తామని. నేను వద్దన్నాను. ఆ అబ్బాయి గురించి ఇప్పటిదాకా ఒక్క క్లాసుకే తెలుసు, మైకులో చెప్తే బడి మొత్తానికి తెలుస్తుంది, ఆ పేరు పదో తరగతి దాకా పోతుంది అన్నాను. టీచరు ఒప్పుకుంది. నేను చెప్పింది నిజమే, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ ఆ కారణం నా నోటికి రాకముందు, వందలమంది ముందు తల దించుకుని నిలబడిన నా కొడుకే నా కళ్ళ ముందు కనిపించాడన్నది కూడా నిజం. రెండింటిలో ఏది ముందో ఇంత నిజాయితీగా రాస్తున్నప్పుడు దాచడమెందుకు.

దానికి బదులు టీచరు, చెప్పుకోవాల్సిన మంచి పని, ఆ క్లాసులో బెంచీలన్నీ మార్చేసింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తనే వారం వారం రాసి పెడుతుంది. మధ్యాహ్నం అన్నం వేళ తనూ డబ్బా తెచ్చుకుని అక్కడే తింటుంది. ఉపన్యాసం ఇవ్వలేదు. ఎందుకో ఇది నాకు వంద క్షమాపణల కంటే పనికొచ్చేదిగా అనిపించింది. పిలకాయలు ఏడిపించేది పెద్దలు లేని పది నిమిషాల్లో. ఆ పది నిమిషాలు ఎక్కడున్నాయో, అన్నం గంటలోనో, బస్సులోనో, నీళ్ళ కుళాయి దగ్గరో, వెతికి అక్కడ ఒక పెద్ద మనిషి నిలబడితే చాలా మటుకు తగ్గుతుంది.

"తిరిగి కొట్టురా" అని నేర్పే తల్లుల్ని కూడా చూశాను ఈ సంవత్సరంలో. ఈ సంగతి ఎవరితో చెప్పినా సగం మంది అదే అన్నారు. కొట్టగలిగినవాడైతే వాణ్ణి ఎన్నుకునేవాళ్ళే కాదు కదండీ. ఇంకొకరు "బడి మార్చెయ్యమనండి ఆమెని" అన్నారు. మార్చి ఎక్కడికి పోవాలి? వాసన లేని ఊరికా?

ఆ వారం ఆఖర్లో మా వాణ్ణి తీసుకుని వాళ్ళ పాలెం వెళ్ళాను. పడవలు వచ్చే వేళ కాదు, వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి. మా వాడు స్కూటీ దిగడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ అబ్బాయి బయటికి రాలేదు. గడప లోపల ఉన్నాడని తెలుస్తోంది, ఒక కాలు కనిపిస్తోంది. మా వాడు గడప వైపు తిరిగి ఏదో గొణిగాడు, తప్పయిపోయింది అనే అనుకుంటా. వాళ్ళమ్మ గబగబా నాకు కుర్చీ తుడిచి వేసింది, కూల్‌డ్రింకు కోసం పక్కింటి పిల్లని పరిగెత్తించింది. "పిలకాయలు కదమ్మా, వొదిలేయండి. మీరు ఇంత దూరం రావాల్నా" అని నన్నే ఓదార్చింది. ఆమె నన్ను నాలుగు తిట్టి ఉంటే నేను తేలికపడి ఇంటికొచ్చేదాన్ని. తిట్టలేదు. నేను వారానికి రెండుసార్లు చేపలు కొనే మనిషిని. ఓల్వియస్ చెప్పిన మూడో గుర్తు నా కళ్ళ ముందు కూల్‌డ్రింకు పట్టుకుని నిలబడి ఉంది.

దసరా సెలవుల తర్వాత ఆ అబ్బాయి బడికి వస్తున్నాడు. ముక్కులు మూసుకోవడం ఆగింది. అన్నం డబ్బాలో ఏం తెచ్చుకుంటాడని అడిగితే "తెచ్చుకోడు, మధ్యాహ్నం బడిలోనే తింటాడు" అన్నాడు మా వాడు. ఇద్దరూ స్నేహితులు కాలేదు. ఒకరోజు పట్టిక ప్రకారం మా వాడి పేరు వాడి పక్కన పడితే వాడు బెంచీ చివరికి జరిగి కూర్చున్నాడట, మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలి. "నేనేం అనలేదుమా" అని నాకు చెప్పుకున్నాడు. "తెలుసు" అన్నాను.

బస్సులో ఇప్పుడు కొంగు అడ్డం పెట్టుకోను. మొదట్లో చెయ్యి దానంతటదే పైకి లేచేది, ఆపుకునేదాన్ని. మా అత్తగారు మారలేదు, నేను వాదించడం మానుకున్నాను, పిల్లలు వింటుండగా మాత్రం ఊరుకోవడం లేదు. మా వారు మొన్న ఒక రాత్రి, అడక్కుండానే, హాస్టల్లో తన పక్క మంచం అబ్బాయి గురించి చెప్పారు. తనని ఏడిపించినవాళ్ళ గురించి కాదు. తను ఏడిపించిన అబ్బాయి గురించి.

ఆవిడ మంగళవారం, ఆదివారం మా వీధికి వస్తూనే ఉంది. నేను బేరం ఆడటం మానేశాను, చెప్పిన ధర ఇచ్చేస్తున్నాను. అది ఆవిడకి ఇంకా ఇబ్బందిగా ఉన్నట్టుంది. మొన్న నేను అడక్కుండానే రెండు చేపలు ఎక్కువ వేసి, డబ్బులు లెక్క పెట్టుకోకుండా గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.